దక్షిణ కొరియా 1987: వీధుల్లో గెలిచినవాళ్లు బ్యాలెట్ దగ్గర ఎందుకు ఓడిపోయారు?

పెన్నాతీరం | శనివారం, రాత్రి 8.40

మా జిల్లాకు కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియా పేర్లు పలకడం మా నోళ్లకు అలవాటయింది. వాళ్ల చరిత్ర మాత్రం ఈ మధ్యే చదవడం మొదలుపెట్టాను. ఒకచోట మింగుడుపడక ఆగిపోయాను.

1987 జూన్‌లో లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. సైనిక నియంత చున్ డూ-హ్వాన్ దిగివచ్చాడు. అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే హక్కు జనానికి దక్కింది. అదే ఏడాది డిసెంబరు 16న ఓట్లు పడ్డాయి. గెలిచిందెవరయ్యా అంటే రో టే-వూ! చున్‌కు సైనిక అకాడమీలో సహాధ్యాయి. 1979 డిసెంబరు 12 రాత్రి చున్ తిరుగుబాటు చేసినప్పుడు, సరిహద్దు కాపాడాల్సిన తన డివిజన్ బలగాలను సియోల్‌కు నడిపించిన జనరల్. అలాంటివాడు 36.6 శాతం ఓట్లతో కుర్చీ ఎక్కాడు.

ఇంత పోరాడి జనరల్ గారి మిత్రుడికే పట్టం కట్టారా? దీన్ని గెలుపు అనాలా, మోసపోవడం అనాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

చరిత్ర మాస్టారు | రాత్రి 9.15

మెజారిటీ జనం పట్టం కట్టలేదండీ, ఓట్ల చీలిక కట్టింది. కిమ్ యంగ్-సామ్‌కు 28 శాతం, కిమ్ డే-జంగ్‌కు 27 శాతం. ఇద్దరూ దశాబ్దాల పాటు నియంతలను ఎదిరించినవారే. కిమ్ యంగ్-సామ్ 1983లో నిర్బంధంలో ఉండి 23 రోజులు నిరాహార దీక్ష చేశాడు. కిమ్ డే-జంగ్‌కు 1980లో సైనిక న్యాయస్థానం మరణశిక్షే వేసింది. ఇద్దరి ఓట్లూ కలిపితే 55. ఒకరు తప్పుకుంటే సరిపోయేది, ఇద్దరూ తప్పుకోలేదు. నాలుగో అభ్యర్థి కిమ్ జోంగ్-పిల్‌కు వచ్చిన 8 శాతాన్ని మాత్రం ఉద్యమం ఖాతాలో వేయకండి. ఆయన పాత నియంత పార్క్ చుంగ్-హీ మనిషి, గూఢచారి సంస్థకు తొలి అధిపతి.

ఆ ఓటు ఎంత అపురూపమైనదో కూడా చూడాలి. 1972లో పార్క్ 'యూషిన్' రాజ్యాంగం తెచ్చాక అధ్యక్ష ఎన్నికతో జనానికి సంబంధమే తెగిపోయింది. ప్రతినిధులు ఒక వ్యాయామశాలలో సమావేశమై పోటీ లేని అభ్యర్థికి ఓటు వేయడమే ఎన్నిక. 1979 అక్టోబరు 26న పార్క్‌ను ఆయన గూఢచారి సంస్థ అధిపతే విందులో కాల్చి చంపాడు. తర్వాత చున్ వచ్చాడు, వ్యాయామశాల తంతు మాత్రం మారలేదు. 1971 తర్వాత పదహారేళ్లకు నేరుగా ఓటు వేసే అవకాశం వస్తే 89 శాతం మంది వేశారు. అలాంటి జనం ముందు ఈ ఇద్దరు పెద్దమనుషులు 'నేనంటే నేను' అని నిలబడ్డారు. నాకు రో మీద కన్నా వీళ్ల మీదే కోపం ఎక్కువ.

ఉల్సాన్‌వాసి | రాత్రి 10.02

కొరియాలోని ఉల్సాన్‌లో నౌకా నిర్మాణ రంగంలో పనిచేస్తున్నాను. నా తోటివాళ్లలో యాభై దాటిన ప్రతి ఒక్కరికీ ఆ జూన్ గురించి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఫలితం దగ్గరికి వెళ్లే ముందు ఆ జూన్ సంగతి కాస్త చూడండి.

పార్క్ జోంగ్-చోల్ సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివే కుర్రాడు. జనవరి 14న నామ్యోంగ్-డాంగ్ పోలీసు విచారణ కేంద్రంలో చనిపోయాడు. పోలీసులు చెప్పిన కథ ఏమిటంటే, విచారణాధికారి బల్లమీద 'టక్'మని చరిస్తే కుర్రాడు 'అక్'మని పడిపోయాడట! నీళ్ల తొట్టెలో తల ముంచి చంపారన్న నిజం కొద్ది రోజుల్లోనే బయటపడింది. అప్పుడు ఇద్దరు పోలీసుల మీదికి నెట్టి మూసేయబోయారు. అసలు దోషులు ఇంకా ఉన్నారని జైల్లో ఉన్న ఒక రాజకీయ ఖైదీకి తెలిసింది. ఆయన రాసిన చీటీని జైలు సిబ్బందిలోని మంచివాళ్లే బయటికి చేరవేశారు. మే 18న, అంటే గ్వాంగ్జూ నగరంలో సైన్యం జనాన్ని ఊచకోత కోయడం మొదలై సరిగ్గా ఏడేళ్లయిన రోజున, సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్ కేథడ్రల్‌లో ప్రార్థన ముగిశాక ఫాదర్ కిమ్ సుంగ్-హూన్ ఆ బండారమంతా చదివి వినిపించాడు.

అంతకుముందే, ఏప్రిల్ 13న, రాజ్యాంగ సవరణ మాట 1988 సియోల్ ఒలింపిక్స్ అయ్యేదాకా ఎత్తవద్దని చున్ ప్రకటించి ఉన్నాడు. జూన్ 9న యోన్సే విశ్వవిద్యాలయం గేటు దగ్గర లీ హాన్-యోల్ అనే విద్యార్థి తలకు బాష్పవాయు గుండు తగిలింది. మర్నాడే పాలక పార్టీ రోను తమ అభ్యర్థిగా ప్రకటించింది. ఎక్కడ అనుకున్నారు? మళ్లీ వ్యాయామశాలలోనే. ఆ సాయంత్రం ఆరు గంటలకు సియోల్ వీధుల్లో కార్లన్నీ హారన్ మోగించాయి. విద్యార్థులు కొందరు కేథడ్రల్‌లోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లను పట్టుకోవడానికి పోలీసులు వస్తామంటే, ముందు నన్ను తొక్కుకుంటూ రండి, నా వెనక ఫాదర్లు, వాళ్ల వెనక నన్‌లు ఉంటారు, ఆ తర్వాతే విద్యార్థులు అని కార్డినల్ కిమ్ సూ-హ్వాన్ కబురు పంపాడు. పోలీసులు లోపల అడుగు పెట్టలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మధ్యాహ్నం భోజన విరామంలో టై కట్టుకున్న బ్యాంకు ఉద్యోగులు రోడ్డు మీదికి వచ్చేవారు. బాష్పవాయువుకు కళ్లు మండుతున్న కుర్రాళ్ల కోసం ఆఫీసు కిటికీల్లోంచి టాయిలెట్ పేపర్ చుట్టలు విసిరేవారు. నన్నడిగితే పాలన కాళ్ల కింద నేల కదిలింది అక్కడే. విద్యార్థులను కొట్టడం పోలీసులకు ఏళ్ల తరబడి అలవాటే. బ్యాంకు గుమాస్తాలను కొట్టడం అలవాటు లేదు.

చిరుగాలి | రాత్రి 10.30

అందరూ నియంతలను తిడుతున్నారు గానీ, ఆ బ్యాంకులూ టైలూ ఎక్కడి నుంచి వచ్చాయండీ? 1961లో పార్క్ వచ్చేనాటికి కొరియా మన కంటే గొప్పగా ఏమీ లేదు. హైవేలు, ఉక్కు, నౌకలు అన్నీ ఆయన హయాంలోనివే. గట్టి చేయి ఉండబట్టే దేశం బాగుపడింది. ముందు అన్నం, తర్వాత ఓటు. మన దగ్గర మాత్రం ప్రతి ఐదేళ్లకూ…

*(మన రాష్ట్ర పార్టీల గురించిన నాలుగు వాక్యాలు తొలగించాను. ఆ గొడవకు వేరే విభాగం ఉంది. – నిర్వాహకుడు)*

ఉల్సాన్‌వాసి | రాత్రి 10.48

చిరుగాలి గారూ, మీరు చెప్పిన ఆ నౌకలు కట్టిన ఊళ్లోనే కూర్చొని రాస్తున్నాను. 1987 జూలై నుంచి సెప్టెంబరు దాకా దేశమంతటా మూడు వేలకు పైగా సమ్మెలు జరిగాయి. వాటికి ఉల్సాన్ గుండెకాయ. నౌకలు కట్టిన కార్మికుల కోరికలు ఏమిటో తెలుసా? జీతాలు పెంచడం, సొంత సంఘం పెట్టుకోనివ్వడం. వాటితో పాటు తల వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకోవాలన్న నిబంధన ఎత్తేయడం. గేటు దగ్గర కాపలావాళ్లు వెంట్రుకల పొడవు చూసేవారట! గట్టి చేయి అంటే లోపల ఉన్నవాళ్లకు అర్థం అది.

ఇక అన్నం సంగతి. 1986 నుంచి 1988 దాకా వరుసగా మూడేళ్లు ఆర్థిక వ్యవస్థ ఏటా 10 శాతానికి పైగా పెరిగింది. సరిగ్గా ఆ మూడేళ్లలోనే నియంత దిగాడు, సమ్మెలు జరిగాయి, రెండు ఎన్నికలూ ఒలింపిక్స్ కూడా జరిగాయి. ఓటు వస్తే అన్నం ఆగిపోతుందన్న మాట కొరియా విషయంలో నిలవదు.

నల్లకోటు | రాత్రి 11.20

నాది రాజ్యాంగం వైపు చూపు. జూన్ 29న రో ఎనిమిది అంశాల ప్రకటన చేశాడు. ప్రత్యక్ష ఎన్నిక, కిమ్ డే-జంగ్‌కు క్షమాభిక్ష, పత్రికా స్వేచ్ఛ, స్థానిక స్వపరిపాలన అందులో ఉన్నాయి. దానికి పది రోజుల ముందు చున్ సైన్యాన్ని దింపే ఆలోచనలోనే ఉన్నాడు. ఆ రోజే అమెరికా రాయబారి జేమ్స్ లిల్లీ తమ అధ్యక్షుడు రీగన్ లేఖ తీసుకువెళ్లి ఇచ్చి, ఆ పని వద్దని చెప్పివచ్చాడు. మరుసటి ఏడాది ఒలింపిక్స్ ఉన్నాయి, సియోల్‌లో యుద్ధట్యాంకులు కనిపిస్తే ప్రపంచం వస్తుందా? దయతో ఇచ్చిన ప్రకటన కాదది.

తర్వాత కొత్త రాజ్యాంగం రాశారు. పాలక పక్షం నుంచి నలుగురు, ప్రతిపక్షం నుంచి నలుగురు, మొత్తం ఎనిమిది మంది కూర్చొని దాదాపు నెల రోజుల్లో ముఖ్యాంశాలు తేల్చేశారు. అక్టోబరు 27న ప్రజాభిప్రాయ సేకరణలో 93 శాతం మంది సరేనన్నారు. వేగం బాగానే ఉంది, అయితే ఆ బల్ల దగ్గర మనసులన్నీ డిసెంబరు ఎన్నిక మీదే. సగం ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత పోలింగ్ పెట్టే ఏర్పాటు ఫ్రాన్సులో ఉంది. దాన్ని తెచ్చుకొని ఉంటే రో గెలవడం కష్టమయ్యేది. ముక్కోణపు పోటీ అయినా నాకే లాభం అని ప్రతి శిబిరమూ లెక్క వేసుకుంది. ఓడినవాళ్లు తమ ఓటమికి తామే సంతకం చేశారు!

అయినా ఆ ఎనిమిది మందికి నేను దండం పెడతాను. అధ్యక్షుడికి ఒకే ఐదేళ్ల పదవీకాలం అన్నారు. పార్లమెంటును రద్దుచేసే అధికారం తీసేశారు. ప్రభుత్వ పనులను తనిఖీ చేసే హక్కు పార్లమెంటుకు తిరిగి ఇచ్చారు. రాజ్యాంగ న్యాయస్థానం పెట్టారు. ఇద్దరు అధ్యక్షులను, 2017లో పార్క్ గున్-హేను, 2025 ఏప్రిల్ 4న యూన్ సుక్ యోల్‌ను, పదవి నుంచి దించింది ఆ న్యాయస్థానమే.

పింఛనుదారు | ఆదివారం, ఉదయం 6.35

మన ఎమర్జెన్సీ చూసినవాణ్ని కాబట్టి ఒక మాట. 1977లో మన ప్రతిపక్షం ఏం చేసింది? జయప్రకాశ్ నారాయణ్ ఒత్తిడితో జనసంఘ్, సోషలిస్టులు, పాత కాంగ్రెస్, లోక్‌దళ్ అంతా జనతా పార్టీ అనే ఒక్క గొడుగు కిందికి వచ్చారు. ఇందిరమ్మ స్వయంగా ఓడిపోయింది. అంటే కొరియా కిమ్‌లు చేయలేనిది మనవాళ్లు చేసి చూపించారు. తర్వాత? 1979 జూలైకి మొరార్జీ ప్రభుత్వం కూలింది, 1980 జనవరికి ఇందిరమ్మే తిరిగొచ్చింది. కలిసి గెలవడం ఒకటి, కలిసి ఏలడం మరొకటి.

ఇంకొకటి. అదే 1977లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. జనతా తరఫున గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే. కాబట్టి కొరియాలో మూడో వంతు జనం జనరల్ వైపు ఎలా వెళ్లారని మనం ఆశ్చర్యపోవడం బాగుండదు.

మందారం | ఉదయం 9.10

పింఛనుదారు గారూ, నమస్కారం. మీ పోలిక నాకు సగమే నచ్చింది. మన దగ్గర సైన్యం వీధుల్లోకి రాలేదు. అక్కడ 1980 మే 18 నుంచి 27 దాకా గ్వాంగ్జూలో పారాట్రూపర్లు సొంత జనాన్ని తుపాకులతో, బాయినెట్లతో చంపారు. అధికారిక లెక్కల్లోనే 160కి పైగా పౌరులు మరణించారు. ఆచూకీ లేనివారు వేరే. ఆ చేతులకు కాపు కాసిన మనిషి ఏడేళ్ల తర్వాత ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. గ్వాంగ్జూలో కిమ్ డే-జంగ్‌కు 90 శాతానికి పైగా ఓట్లు పడ్డాయంటే, అది ప్రాంతీయ దురభిమానం అని కొట్టిపారేస్తారు కొందరు. బిడ్డను పోగొట్టుకున్న ఊరు ఇంకెలా వేస్తుంది?

'నెమ్మదిగా మారింది కదా, రక్తం కారలేదు కదా' అనేవాళ్లు ఆ నెమ్మదితనం ఖర్చు ఎవరు భరించారో చెప్పరు. 1995 జూలైలో కూడా ప్రాసిక్యూటర్లు, విజయవంతమైన తిరుగుబాటును శిక్షించలేమనే వాదనతో కేసు పెట్టడానికి నిరాకరించారు. అంటే గెలిస్తే నేరం కాదన్నమాట!

చరిత్ర మాస్టారు | ఉదయం 10.25

మందారం గారి కోపం న్యాయమైనదే. కానీ కథ అక్కడ ఆగలేదు.

1988 ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. 299 స్థానాల్లో రో పార్టీకి 125 వచ్చాయి. మూడు ప్రతిపక్షాలు కలిసి సభను చేతిలోకి తీసుకున్నాయి. అధ్యక్ష ఎన్నికలో నష్టం చేసిన ప్రాంతాల చీలికే, నియోజకవర్గాల ఎన్నికలో ప్రతి కిమ్‌కూ తన ప్రాంతంలో సీట్లు తెచ్చిపెట్టింది. ఆ ఏడాదే గ్వాంగ్జూ మీద, చున్ అవినీతి మీద పార్లమెంటు విచారణలు టీవీలో ప్రసారమయ్యాయి. అంతవరకు గ్వాంగ్జూ అంటే 'కమ్యూనిస్టుల అల్లరి' అని విన్న ఇళ్లలో తల్లులు, సైనికాధికారులు చెప్పేది మొదటిసారి వినిపించింది. రో మూ-హ్యున్ అనే కొత్త ఎంపీ ప్రశ్నలడిగే తీరుకు దేశం మొత్తానికి తెలిసిపోయాడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు. నవంబరులో చున్ జాతికి క్షమాపణ చెప్పి కొండల్లోని బెక్‌డామ్సా అనే బౌద్ధాలయానికి పోయి తలదాచుకున్నాడు. స్నేహితుడు అధ్యక్షుడిగా ఉండగానే!

నా అభిప్రాయం ఇది. 1987లో కిమ్ డే-జంగ్ గెలిచి ఉంటే సైన్యం ఊరుకునేదా? 'కమ్యూనిస్టు' అని ముద్ర వేసి, ఆయన అధ్యక్షుడైతే ఒప్పుకోబోమని జనరల్స్ బాహాటంగా మాట్లాడిన రోజులవి. తమవాడే కుర్చీలో ఉన్నాడన్న భరోసాతో వాళ్లు బారకాసుల్లో ఉండిపోయారు. ఆ ఐదేళ్లలో కింద పునాది మారిపోయింది. పాము ఉన్న పుట్టను ఒక్క పోటుతో తవ్వకుండా, చుట్టూ మట్టి తీసుకుంటూ వచ్చినట్టయింది. ఎవరూ పథకం వేసి చేయలేదు సుమా, అలా కలిసొచ్చింది.

మందారం | ఉదయం 10.40

మాస్టారూ, 'అలా కలిసొచ్చింది' అన్నారు చూడండి, అదే నా బాధ. 1987లో కిమ్ యంగ్-సామ్ ఒక్కడే పోటీ చేసి ఉంటే? ఆయన్ని కమ్యూనిస్టు అనగలిగేవారు కాదు. సైన్యం కదిలేదో లేదో ఎవరూ రుజువు చేయలేరు. జరిగిందంతా మంచికే అనడం చరిత్ర చెప్పడం కాదు.

పెన్నాతీరం | ఉదయం 11.30

కిమ్ యంగ్-సామ్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతాను. 1990 జనవరిలో ఆయన వెళ్లి రో పార్టీలో, కిమ్ జోంగ్-పిల్ పార్టీతో సహా, తన పార్టీని కలిపేశాడని చదివాను. నిరాహార దీక్ష చేసిన మనిషి, తనను నిర్బంధించినవాళ్లతో ఒకే వేదిక మీద! దీన్ని ద్రోహం అనకపోతే ఏమనాలి?

నల్లకోటు | మధ్యాహ్నం 12.15

ఆ రోజు చాలామంది ద్రోహమనే అన్నారు. రో మూ-హ్యున్ ఆయన వెంట వెళ్లకుండా ఆగిపోయాడు. పులిని పట్టాలంటే గుహలోకి వెళ్లాల్సిందే అని కిమ్ యంగ్-సామ్ జవాబు. ఇలాంటి జవాబులు ఫిరాయించినవాళ్లందరూ చెబుతారు, మనకు కొత్తా? తేడా ఏమిటంటే ఈయన నిజంగానే పులిని పట్టాడు.

1992 డిసెంబరులో ఆయన 42 శాతంతో గెలిచి 1993 ఫిబ్రవరిలో పదవి చేపట్టాడు. రెండు వారాలు తిరక్కముందే, మార్చి 8న, సైన్యాధ్యక్షుణ్ని, సైనిక నిఘా విభాగం కమాండర్‌ను తొలగించాడు. చున్, రో కలిసి ఏర్పరచిన 'హానాహో' అనే రహస్య అధికారుల ముఠా మొత్తాన్ని ఏరిపారేశాడు. ఆ ముఠాయే 1979 తిరుగుబాటు చేసింది. ఎవరూ ఊపిరి పీల్చుకునే లోపు పని పూర్తయింది. ఆగస్టు 12న అసలు పేరుతో తప్ప బ్యాంకు ఖాతాలు నడపరాదని ఆదేశం ఇచ్చాడు. రెండేళ్లకు రో దాచిన వేల కోట్ల వన్‌ల (కొరియా కరెన్సీ) నిధి బయటపడడంలో ఆ ఆదేశానిది పెద్ద చేయి. దాంతో దారి తెరుచుకుంది. ప్రత్యేక చట్టం వచ్చింది, చున్, రో ఇద్దరూ ఖైదీ దుస్తుల్లో బోనెక్కారు. 1996 ఆగస్టులో చున్‌కు మరణశిక్ష, రోకు 22న్నర ఏళ్లు. అప్పీలులో అవి యావజ్జీవం, 17 ఏళ్లుగా తగ్గాయి.

మందారం | మధ్యాహ్నం 12.32

1997 డిసెంబరులో క్షమాభిక్ష పెట్టి ఇంటికి పంపేశారు, అది కూడా రాయండి. అదే నెలలో అధ్యక్షుడిగా ఎన్నికైన కిమ్ డే-జంగ్ కూడా సరేనన్నాడు. తనకు ఉరి వేయబోయినవాణ్ని క్షమించడం ఆయన వ్యక్తిగతంగా గొప్పతనమే కావచ్చు. గ్వాంగ్జూ తల్లుల తరఫున క్షమించమని ఆయన్ను ఎవరు అడిగారు? చున్ మీద 22,050 కోట్ల వన్‌ల జరిమానా ఉంటే, నా దగ్గర 2,90,000 వన్‌లే ఉన్నాయని 2003లో కోర్టులో చెప్పాడు. 2021 నవంబరులో చనిపోయేదాకా గ్వాంగ్జూకు క్షమాపణ చెప్పలేదు.

చిరుగాలి | మధ్యాహ్నం 1.05

ఇంతకీ 1987 ఎన్నికలో రిగ్గింగ్ జరిగిందా లేదా? ఓడిన ప్రతి పార్టీ చెప్పే మాటే కదా అది. అప్పుడేదో బ్యాలెట్ పెట్టె గొడవ అని ఎక్కడో చదివాను.

ఉల్సాన్‌వాసి | మధ్యాహ్నం 2.20

సియోల్ గురో వార్డు కార్యాలయం సంగతి అది. పోలింగ్ రోజునే ఒక వాహనంలో గైర్హాజరు ఓటర్ల (పోస్టులో ఓటు పంపేవాళ్ల) పెట్టె తరలిపోతుంటే జనం పట్టుకున్నారు. ఆ భవనాన్ని ఆక్రమించి రెండు రోజులు కూర్చున్నారు. డిసెంబరు 18న పోలీసులు లోపలికి చొరబడి వందల మందిని పట్టుకుపోయారు. ఆ పెట్టెను లెక్కలోకి తీసుకోలేదు, తెరవనూ లేదు. చివరికి 2016లో తెరిచారు. ఎక్కువ భాగం ఓట్లు రోకే ఉన్నాయి. పెట్టెను పట్టుకున్నవాళ్లు 'చూశారా' అన్నారు, గైర్హాజరు ఓట్లలో సైనికులవే ఎక్కువ కాబట్టి అలాగే ఉంటాయని ఎదుటివాళ్లు అన్నారు. ఓట్ల తేడా దాదాపు ఇరవై లక్షలు, కాబట్టి ఒక్క పెట్టెతో ఫలితం మారేది కాదు.

నన్నడిగితే అసలు ప్రశ్న పెట్టె గురించి కాదు. ఆ రోజుల్లో సైనికులు బారకాసుల లోపలే, పై అధికారుల కళ్ల ముందే ఓటు వేసేవారు. 1992 మార్చిలో పార్లమెంటు ఎన్నికలకు రెండు రోజుల ముందు లీ జీ-మున్ అనే కుర్ర లెఫ్టినెంట్ పత్రికల వాళ్ల ముందుకు వచ్చి, పాలక పార్టీకి వేయమని మా దళంలో ఒత్తిడి చేస్తున్నారని బయటపెట్టాడు. సైన్యం అతన్ని అరెస్టు చేసి, హోదా ఊడగొట్టి ఇంటికి పంపింది. ఆ తర్వాత కోర్టుకు వెళ్లి హోదా తిరిగి తెచ్చుకున్నాడు. అతను నోరు విప్పిన తర్వాతే సైనికుల ఓటింగ్ బారకాసుల బయటికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు అధ్యక్ష ఎన్నికకు వాళ్లు బయటి పోలింగ్ కేంద్రాలకు వెళ్లి ఓటు వేశారు.

పింఛనుదారు | మధ్యాహ్నం 3.00

ఈ లెఫ్టినెంట్ సంగతి నేనెక్కడా వినలేదు. ఉల్సాన్‌వాసి గారూ, వీలు చూసుకొని దీన్ని విడిగా రాయండి. మధ్యాహ్నం కునుకు తీసి వచ్చి చదువుతాను. మాస్టారూ, మందారం గారూ ఈలోపు కిమ్‌ల పంచాయతీ కానివ్వండి.